పుల్లకి పట్టని కీమా

అరకులో ఉద్యోగం చేసేవాడిది ఇల్లు కాదు, సత్రం. చలి ముదిరిందంటే చాలు, విశాఖలో కిరండూల్ రైలెక్కి చుట్టాలు దిగిపోతారు. కొత్తవలస-కిరండూల్ లైనులో మొత్తం 58 సొరంగాలట. అరకు లోపు వచ్చే ప్రతిదాంట్లోనూ వాళ్ల పిల్లలు కేకలు పెట్టి, గొంతులు పోగొట్టుకుని మరీ వస్తారు. పెద్దలు దిగగానే అడిగేది ఒక్కటే: "బొంగు చికెన్ ఎక్కడ?"

ఈసారి మా బావమరిది వస్తున్నాడనగానే నాకెందుకో పౌరుషం పొడుచుకొచ్చింది. బొంగు చికెన్ ఎవడైనా కొనిపెడతాడు. నేను ఇంట్లో, స్వహస్తాలతో, కోడి కీమా కబాబులు కాలుస్తానన్నాను. మా ఆవిడ ఏమీ అనలేదు. అదే ప్రమాద సూచన. నేను గమనించలేదు.

పుల్లల కోసం రోడ్డు పక్కన చీకులు కాల్చే ఆవిడ దగ్గరికెళ్లాను. ఉర్దూలో 'సీఖ్' అంటే చువ్వ. మనం దాన్ని చీకు చేసుకుని, చువ్వని వదిలేసి దానికి గుచ్చిన ముక్కకి ఆ పేరు పెట్టేశాం. నా ప్రణాళిక విని ఆవిడ విసనకర్ర ఆపేసింది.

"ఏటి బాబూ, ముక్కయితే పుల్లకి పట్టుంటాది. నలిపేసినాక దానికేటి దిక్కు?"

నవ్వేసి వచ్చాను.

కీమా తెచ్చాక మా ఇంటి ఆచారం ప్రకారం రెండుసార్లు కడిగాం. అంతకంటే ఘోరం ఇంకోటి లేదని తర్వాత తెలిసింది. కోడి మాంసంలో కొవ్వు తక్కువ, నీరు ఎక్కువ. కడిగితే ఆ కాస్త జిగురూ పోయి, ఇంకా నీరు పడుతుంది. అది చాలదన్నట్టు ఉల్లిపాయ తురిమి పిండకుండా కలిపాను. కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకి పాకే తీగల మిరియాలు దంచి వేశాను. వాసన అద్భుతం. ముద్ద మాత్రం ఇడ్లీ పిండి.

పెరట్లో నిప్పులు రాజేసి, పుల్లలకి అద్ది పెట్టాను. ఒకవైపు కాలింది కదా అని తిప్పాను. పుల్ల తిరిగింది, కీమా తిరగలేదు. మళ్లీ తిప్పాను. పుల్ల చక్కగా, గుండ్రంగా తిరుగుతోంది. కీమా బాసింపట్టు వేసుక్కూర్చుంది. మూడోసారికి మొత్తం నిప్పుల్లోకి జారింది. ఈలోగా ఎండు పుల్లల కొసలు అగరొత్తుల్లా అంటుకున్నాయి. బొంగు కాలిపోకుండా కోడిని ఎలా ఉడికిస్తుందో అప్పుడు బోధపడింది. అది పచ్చి వెదురు, లోపల తడి ఉంటుంది. నా పుల్లల్ని కనీసం అరగంట నీళ్లలో వెయ్యాలని తట్టలేదు.

"బావా, హోమం ఎంతసేపు?" అన్నాడు బావమరిది, శాలువా కప్పుకుని.

మిగిలిన కీమాని పాత పంచెలో వేసి పిండాను. ఉప్పు చల్లి, పుట్నాల పొడి కలిపి, చపాతీ పిండిలా పది నిమిషాలు పిసికాను. అప్పుడు అరచేతికి అంటుకోవడం మొదలుపెట్టింది. ఉప్పు, పిసుకుడు కలిస్తేనే మాంసంలో జిగురు బయటికొస్తుంది. మసాలాలెన్ని వేసినా అది రాదు. గిన్నెని గంటసేపు అరుగు మీద పెట్టాం. డిసెంబరులో అరకు అరుగుకి ఫ్రిజ్ ఏపాటి! గుండ్రటి పుల్లలు మానేసి, వెదురు బద్దని పలకగా చీల్చి నానబెట్టాను. పలక మీద మాంసం జారి తిరగదు.

నాలుగు నిలబడ్డాయి. లోపలిదాకా ఉడికాయో లేదోనని నేను ఒకటి విరిచి చూస్తుండగా మిగతా మూడూ పిల్లలు పట్టుకుపోయారు. రాలిన సరుకంతా మా ఆవిడ మూకుట్లో వేసి వేపుడు చేసింది. అందరూ రెండోసారి వడ్డించుకున్నది దాన్నే.

మర్నాడు పొద్దున్నే బావమరిదితో కలిసి బొంగు చికెన్ కోసం వెళ్లాం. పక్క కొట్టు చీకులావిడ నన్ను గుర్తుపట్టింది.

"ఏటి బాబూ, కీమా నిలబడిందా?"

నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ అందుకుంది. "నాలుగు నిలబడ్డాయమ్మా. మిగతావన్నీ కూర్చున్నాయి."