నాకు రెండు చిరునామాలు

ఇంటి రౌటర్‌లో ఉండే మెమరీ వర్డ్‌ని నేను. నా వెడల్పు 32 బిట్లు. ర్యామ్‌లో సరిగ్గా 16 మెగాబైట్ల దగ్గర నా చోటు. ఉండేది ఒక్క చోటే అయినా ప్రాసెసర్ నన్ను రెండు చిరునామాలతో పిలుస్తుంది. హెక్సాడెసిమల్‌లో 81000000 ఒకటి, ఏ1000000 రెండోది.

మా ప్రాసెసర్ మిప్స్ వంశానిది. 1981లో స్టాన్‌ఫోర్డ్‌లో జాన్ హెనెసీ బృందం మొదలుపెట్టిన పరిశోధన ఆ వంశానికి మూలం. ఇందులో ఫిజికల్ మెమరీ మొదటి 512 మెగాబైట్లు కెర్నల్‌కు రెండు చోట్ల కనిపిస్తాయి. 80000000 దగ్గర మొదలయ్యే కేసెగ్-0 గుండా వస్తే మధ్యలో క్యాష్ ఉంటుంది. ఏ0000000 దగ్గర మొదలయ్యే కేసెగ్-1 గుండా వస్తే క్యాష్ ఊసే ఉండదు, నేరుగా నా దగ్గరికే రావాలి. పవర్ పెట్టగానే ప్రాసెసర్ మొదటి ఆదేశాన్ని తెచ్చుకునేది కూడా కేసెగ్-1 నుంచే. అప్పటికి క్యాష్‌లో నమ్మదగినదేదీ ఉండదు.

ఈథర్‌నెట్ కంట్రోలర్ వాడే డిస్క్రిప్టర్‌లో మొదటి వర్డ్‌గా ఉండడం నా ఉద్యోగం. నా పై బిట్ 1 అయితే, ప్యాకెట్ దిగే బఫర్ ఆ కంట్రోలర్‌ది; 0 అయితే ప్రాసెసర్‌ది. ప్యాకెట్ దిగగానే కంట్రోలర్ డీఎంఏతో, అంటే ప్రాసెసర్‌తో పని లేకుండా నేరుగా, నాలో 0 రాస్తుంది. ఆ రాతను క్యాష్ గమనించే ఏర్పాటు మా చిప్‌లో లేదు.

మొదట్లో మా డ్రైవర్ నన్ను కేసెగ్-0 గుండా చదివేది. నాలో 0 ఉన్నా, దానికి క్యాష్‌లోని పాత 1 కనిపించేది. ప్యాకెట్ వచ్చి కూర్చున్నా రాలేదనుకునేది. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి. క్యాష్ లైను 32 బైట్లు, డిస్క్రిప్టర్ 16 బైట్లు. అంటే నేనూ, పక్క డిస్క్రిప్టరూ ఒకే లైనులో ఉంటాం. డ్రైవర్ పక్కదానిలో ఏదో రాసేది. తర్వాత లైను మొత్తం మెమరీకి తిరిగి వచ్చేటప్పుడు, కంట్రోలర్ నాలో రాసిన 0 మీద పాత 1 పడేది. వచ్చిన ప్యాకెట్ జాడ లేకుండా పోయేది. ఎర్రర్ మెసేజ్ ఒక్కటీ వచ్చేది కాదు.

తర్వాత డ్రైవర్‌ను సరిదిద్దారు. లినక్స్‌లో డీఎంఏకి కోహెరెంట్ మెమరీ అడిగితే, మా లాంటి చిప్‌పై కెర్నల్ కేసెగ్-1 చిరునామానే ఇస్తుంది. ప్రతిసారీ ర్యామ్ దాకా రావాలి కనుక ఈ దారి నెమ్మది, కానీ ఇక్కడ కనిపించేది నిజం. అలాగని అన్నిటినీ ఈ దారిలో పెట్టకూడదు. 1500 బైట్ల ప్యాకెట్‌ను ఇలా చదివితే రౌటర్ చతికిలబడుతుంది. అందుకే ప్యాకెట్ బఫర్లు క్యాష్ దారిలోనే ఉంటాయి. ప్రాసెసర్ చదివే ముందు కెర్నల్ ఆ బఫర్ల క్యాష్ లైన్లను చెల్లవని కొట్టేస్తుంది.

డ్రైవర్లు రాసే మీకు నా మనవి ఒక్కటే. ఒకే వర్డ్‌ను రెండు చిరునామాలతో కలగలిపి వాడకండి. దారి మార్చక తప్పకపోతే, ముందు క్యాష్‌లోని పాత లైనును ఖాళీ చేయించండి.