లెదర్ సీటుకు నూనె పెట్టకండి

కెనడాలో బ్రాంప్టన్‌లోనో ఎడ్మంటన్‌లోనో సెకండ్ హ్యాండ్ కారు కొనుక్కున్న తెలుగువాళ్లకి చలికాలం అయిపోగానే ఒక బెంగ పట్టుకుంటుంది. మంచు కరిగాక కారు లోపలంతా వాక్యూమ్ పట్టి చూస్తే, డ్రైవర్ సీటు ఎడమ అంచున రంగు లేచిపోయి ఉంటుంది. కూర్చునే చోట సన్నటి బీటలు కనిపిస్తాయి. ఇక సలహాలు మొదలవుతాయి. ఊళ్లో ఉన్న అమ్మ వీడియో కాల్‌లో చూసి కొబ్బరినూనె రాయమంటుంది. ఆఫీసులో ఒకాయన ఆలివ్ ఆయిల్ అంటాడు, ఇంకొకాయన షూ పాలిష్ అంటాడు. వాట్సాప్ గ్రూపులో టూత్‌పేస్టు దగ్గర్నుంచి గోళ్ల రంగు తుడిచే మందు దాకా అన్నీ వస్తాయి.

ఇవి బుద్ధిలేనివాళ్లు పుట్టించిన మాటలు కావు. వీటిలో చాలావరకు ఎక్కడో ఒక తోలుకి, ఎప్పుడో ఒకప్పుడు నిజంగా పనికొచ్చినవే. కాకపోతే మీ కారు సీటు ఆ తోలు కాదు. చేతి కింద ఉన్నది ఏ తోలో తెలుసుకోకుండా మందు వేయడమే అసలు తప్పు. నూనె సంగతే ముందు చూడండి.

మన పల్లెల్లో చెప్పులు కుట్టే తోలుని తంగేడు చెక్కతోనూ కరక్కాయతోనూ శుద్ధి చేసేవాళ్లు. దాని మీద ఏ పూతా ఉండదు. ఆముదం పట్టిస్తే నేరుగా పీచుల్లోకి దిగుతుంది, గట్టిపడిన చెప్పు రెండు రోజుల్లో మెత్తబడుతుంది. ఇక్కడ కెనడాలో కూడా గుర్రపు జీనుకీ బేస్‌బాల్ గ్లవ్‌కీ నీట్స్‌ఫుట్ ఆయిల్ రాస్తారు, అది పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసిన నూనె. ఆ తోలుకి ఆ చిట్కా నూటికి నూరుపాళ్లూ సరైనదే. అమ్మ చెప్పింది ఆ అనుభవంలోంచి.

కారు సీటు కథ వేరు. దాని తోలు చాలావరకు క్రోమియం లవణాలతో శుద్ధి అయినది. పైన రంగు పొర ఉంటుంది, ఆ రంగు మీద పాలీయూరిథేన్ పూత ఉంటుంది. మీ చెయ్యి తగిలేది తోలుకి కాదు, ఆ పూతకి. బీట ముందుగా పుట్టేదీ ఆ పూతలోనే. దాని మీద నూనె రాస్తే లోపలికి దిగదు, పైనే జిడ్డుగా నిలబడుతుంది. బీట విచ్చిన చోట మాత్రం సందులోంచి దూరి పూత అంచుల కిందకి పాకుతుంది. ఆ అంచులు ఇంకాస్త లేస్తాయి. అంతకన్నా పెద్ద నష్టం తరవాత తెలుస్తుంది. రేపు బీటలు పూడ్చే ఫిల్లర్ పెట్టినా రంగు వేసినా ఆ జిడ్డు మీద ఏదీ పట్టదు. పది రోజులు మెరిసిన సీటు ఆ మెరుపుకి బదులుగా బాగుపడే యోగ్యతనే పోగొట్టుకుంటుంది.

కొబ్బరినూనెకైతే కెనడాలో ఇంకో చిక్కు ఉంది. అది సుమారు 24 డిగ్రీల దిగువన గడ్డకడుతుంది. ఇక్కడ ఏడాదిలో ఎక్కువ భాగం కారు లోపల అంత వేడి ఉండదు. రాసిన నూనె బీటల్లో తెల్లటి మైనంలా పేరుకుని, దుమ్మూ బిస్కెట్ పొడీ పట్టుకుని కూర్చుంటుంది. సీటు హీటర్ వేయగానే కరిగి ప్యాంటుకి అంటుకుంటుంది. ఆలివ్ ఆయిల్ గడ్డకట్టడం తక్కువే గానీ నెమ్మదిగా ముక్కిపోతుంది. కిటికీలు మూసుకుని హీటర్‌తో తిరిగే నెలల్లో ఆ ముక్కిన వాసన పిల్లలకి కడుపులో తిప్పుతుంది.

ముందు మీ సీటు అసలు తోలేనా అన్నది తేల్చుకోండి. అమ్మకం కాగితంలో లెదర్ అని రాసి ఉన్నా చాలా కార్లలో కూర్చునే చోటూ వీపు ఆనే భాగమూ మాత్రమే తోలు. పక్కలూ వెనకభాగమూ వినైల్. టొయోటా సాఫ్టెక్స్, మెర్సిడెస్ ఎంబీ-టెక్స్ అనే పేర్లు కనబడితే అది పూర్తిగా కృత్రిమం, దానికి లెదర్ కండిషనర్‌తో పని లేదు. తోలైతే కనపడని మూల ఒక నీటి చుక్క వేసి చూడండి. చుక్క గుండ్రంగా నిలబడితే పైపూత బాగుందని అర్థం. ఇంకిపోయి అక్కడ రంగు ముదిరితే పూత అరిగిపోయిందన్నమాట, లేదా అది పూతే లేని ఖరీదైన ఆనిలిన్ తోలు అన్నమాట. ఆనిలిన్ అయితే ఇంట్లో చెయ్యి పెట్టకండి.

షూ పాలిష్ సలహా బూటు విషయంలో నిజం. బూటు ఎవరి బట్టలకీ రాసుకోదు గనక మైనమూ రంగూ దాని మీదే ఉంటాయి. సీటు మీద రోజూ మనిషి బరువు పడి రాసుకుంటుంది, కింద హీటర్ వేడెక్కుతుంది. నల్ల పాలిష్ మీ కోటు వెనక్కి, బేబీ సీటు అడుక్కి చేరుతుంది. టూత్‌పేస్టు, ఆ తెల్లటి మ్యాజిక్ స్పాంజి రెండూ గీరే సరుకులే. స్పాంజి చేసేది సన్నటి ఎమరీ పేపర్ చేసే పనే. లేత రంగు సీటుకి జీన్స్ నీలం అంటితే మొదటిసారి తళుక్కున పోతుంది, అందుకే అందరికీ నమ్మకం కుదురుతుంది. నీలంతో పాటు పూత కూడా కొంచెం పోయిందని అప్పుడు కనపడదు. తరవాత అంటిన మరక ఇంకా లోతుగా దిగుతుంది. గోళ్ల రంగు తుడిచే అసిటోన్‌తో ఈ ఆలస్యం కూడా ఉండదు, గుడ్డకి సీటు రంగు అక్కడికక్కడే వచ్చేస్తుంది.

బీటలు అతికించడానికి చెప్పే సూపర్ గ్లూ గురించి ఒక్క మాట చాలు. అది ఆరాక గాజులా బిరుసెక్కుతుంది, సీటు మాత్రం ప్రతి కదలికకీ వంగుతుంది, కాబట్టి పాత బీట పక్కనే కొత్త బీట పుడుతుంది. హీట్ గన్‌తో ముడతలు సాపు చేయమనే సలహా ఇంకా ప్రమాదం. తోలు ప్రోటీన్, వేడి ఎక్కువైతే ముడుచుకుపోతుంది. ముడుచుకున్న తోలుని మళ్లీ సాగదీసే మందు ఏదీ లేదు.

తోలు గురించి, కెనడా గురించి ఒకే చోట రాస్తున్నప్పుడు ఒక మనిషిని తలవకుండా ముందుకు వెళ్లడం నా వల్ల కాదు. అప్పటి గుంటూరు జిల్లా యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ. అమెరికాలో లీహై విశ్వవిద్యాలయంలో చదివి వచ్చి, మద్రాసులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థకి 1958 నుంచి 1971 దాకా డైరెక్టరుగా ఉన్నారు. ఆ తరవాత శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి సీఎస్ఐఆర్‌కి డైరెక్టర్ జనరల్ అయ్యారు. తోలు పని అంటే ఊరి చివరి పని, చెప్పుకోకూడని కులం పని అని ముఖం తిప్పుకునే దేశంలో ఆయన ఆ పనినే చదువుగా, శాస్త్రంగా నిలబెట్టారు. చెట్ల బెరళ్లు తోలుని ఎలా శుద్ధి చేస్తాయన్న రసాయన శాస్త్రం మీద పరిశోధన చేశారు. తంగేడు చెక్క తెలిసిన పల్లె మనిషి చేతి అనుభవమూ ప్రయోగశాల లెక్కా ఆయన దగ్గర ఒక్కచోట కలిశాయి. 1985 జూన్ 23న మాంట్రియల్ నుంచి లండన్ మీదుగా ఢిల్లీ వెళ్లాల్సిన ఎయిరిండియా కనిష్క విమానం ఐర్లండ్ తీరం దగ్గర బాంబు పేలుడుకి కూలిపోయింది. చనిపోయిన 329 మందిలో నాయుడమ్మ ఒకరు. కెనడాలో ఉన్న మన పిల్లలకి కనిష్క గురించి చెప్పేటప్పుడు ఆయన పేరు కూడా చెప్పాలి. ఇక్కడ తోలు సీట్లో కూర్చుని బడికి వెళ్లే పిల్లలకి ఆ పేరు తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

సీటు దగ్గరికి వద్దాం. దాన్ని చెడగొట్టేది వయసు ఒక్కటే కాదు. కెనడాలో డ్రైవర్ ఎడమ పక్క నుంచి ఎక్కుతాడు గనక సీటు ఎడమ అంచు ఎప్పుడూ ముందు అరుగుతుంది. మందపాటి పార్కా జిప్పు, జీన్స్ జేబు రివిట్లు దాన్ని రోజూ గీరుతూనే ఉంటాయి. మైనస్ 30లో పైపూత బిరుసుగా ఉంటుంది. అప్పుడు వెనక సీట్లో పిల్లకి బెల్టు పెట్టడానికి ముందు సీటు మీద మోకాలు వేసి వంగుతామే, ఆ ఒక్క పాయింటు మీద మొత్తం బరువు పడి పూత అక్కడ చీలుతుంది. రిమోట్ స్టార్టర్ ఉంటే సీటు కాస్త వెచ్చబడ్డాక ఎక్కండి, వెనక పనుంటే వెనక తలుపు తీసే చేయండి. పిల్లల బూట్లు ముందు సీట్ల వెనకభాగానికి రోడ్డు ఉప్పు పూస్తాయి. ఆ ఉప్పు తేమ పీల్చుకుని అక్కడే ఉంటుంది, తడిగుడ్డతో వారానికోసారి తుడిస్తే చాలు.

ఇంట్లో బాగుచేయాలంటే ముందు కాలం చూసుకోండి. ఈ పనికి వాడే రంగూ ఫిల్లరూ చాలావరకు నీటితో చేసినవే, ఒకసారి గడ్డకడితే పాడైపోతాయి. జనవరిలో ఆర్డర్ పెట్టి పార్సిల్ గుమ్మం ముందు సాయంత్రం దాకా వదిలేస్తే డబ్బు దండగ. మే నుంచి సెప్టెంబరు దాకా, గరాజ్‌లో కనీసం 15 డిగ్రీలు ఉన్న రోజున చేయండి. సీసాలు ఇంట్లో బేస్‌మెంట్‌లో దాచండి.

పని మొత్తంలో సగం శుభ్రం చేయడమే, అందరూ తొందరపడేదీ అక్కడే. లెదర్ క్లీనర్‌ని సీటు మీద పోయకండి, మెత్తటి బ్రష్ మీద వేసుకుని నురగ చేయండి. చెయ్యి వెడల్పు ఉన్న చోటు తీసుకుని గుండ్రంగా రుద్దితే తోలు గీతల్లోంచి మట్టి లేచి తెల్లటి నురగ టీ రంగుకి తిరుగుతుంది. ఆరకముందే మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. గుడ్డ తెల్లగా తిరిగొచ్చేదాకా మళ్లీ మళ్లీ చేయండి. చిల్లులున్న సీటైతే ఇంకా జాగ్రత్త, కింద హీటర్ తీగలుంటాయి, ప్యాసింజర్ సీటు కింద మనిషి బరువు కనిపెట్టే సెన్సరు ఉంటుంది. ఆ తరవాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో చకచకా ఒక తుడుపు. ఇదివరకే ఎవరైనా నూనె రాసుంటే, మెరిపించే సిలికాన్ స్ప్రే కొట్టుంటే ఈ తుడుపు చాలాసార్లు పడుతుంది. సిలికాన్ మిగిలితే రంగు వేయగానే చేప కళ్లలాంటి గుంటలు పడతాయి.

ఇప్పుడు 600 నంబరు ఎమరీ పేపర్‌తో లేచిన అంచులు మాత్రం సాపు చేయండి. వేలికి మెట్టు తగలకపోతే ఆపేయాలి. వెంట్రుకంత బీటలకి పల్చటి జిగురులాంటి బైండర్ చాలు, పల్చగా అద్ది ఇంకనివ్వండి. గోరు దిగేంత బీటకి ఫిల్లర్ కావాలి. పాత ప్లాస్టిక్ కార్డుతో పల్చగా లాగండి, ఆరనివ్వండి, తేలిగ్గా గీరి ఇంకో పొర వేయండి. ఒకే దెబ్బకి మందంగా నింపితే ఆరేటప్పుడు కుంగి మళ్లీ అదే చోట విచ్చుతుంది. ఇక్కడ ఓపిక తప్ప ఇంకే నైపుణ్యమూ అవసరం లేదని నా అభిప్రాయం.

రంగు ఎంచుకునేటప్పుడు డ్రైవర్ తలుపు స్తంభం మీద అంటించిన లేబుల్‌లో లోపలి రంగు కోడ్ చూడండి. కానీ దాన్నే నమ్ముకోకండి. పదేళ్ల లేత రంగు సీటు ఎండకి పసుపెక్కి ఉంటుంది. హెడ్‌రెస్ట్ అడుగున ఒక చుక్క పెట్టి, ఆరాక పగటి వెలుతురులో సరిచూసుకోండి, తడిగా ఉన్నప్పుడు రంగు అబద్ధం చెబుతుంది. మొదటి పొర స్పాంజితో అద్దాలి, తరవాతివన్నీ పల్చగా. ఆఖరికి పైపూత, అదీ మ్యాట్‌దే తీసుకోండి. ఇప్పటి కారు సీటు కొత్తగా ఉన్నప్పుడు మెరవదు. పైపూతలో దాన్ని గట్టిపరిచే క్రాస్‌లింకర్ కలపమని సీసా మీద ఉంటే చేతికి గ్లవ్స్ వేసుకోండి, గరాజ్ తలుపు తెరిచి ఉంచండి, సరైన మాస్క్ లేకుండా దాన్ని స్ప్రే చేయకండి. చేత్తో తాకితే ఆరినట్టే ఉంటుంది గానీ గట్టిపడటానికి కొన్ని రోజులు పడుతుంది. అందాకా జీన్స్‌తో ఎక్కవద్దు, హీటర్ వేయవద్దు.

అన్ని చిట్కాల్లోకీ నాకు నిజంగా భయం కలిగించేది ఒకటుంది. సీటు బయటి అంచున కుట్టు విడిపోతే లోపల గుడ్డ పెట్టి గట్టి దారంతో కుట్టేయమని, లేదా జిగురు వేసి మూసేయమని చెబుతారు. చాలా కార్లలో పక్క ఎయిర్‌బ్యాగ్ సరిగ్గా ఆ అంచులోనే ఉంటుంది. ప్రమాదంలో బ్యాగు బయటికి రావాలంటే ఆ కుట్టు తెగాలి, తెగేలాగే దాన్ని కుట్టారు. మీరు గట్టిగా కుడితే బ్యాగు ఆలస్యంగానైనా రావచ్చు, తప్పు దిక్కుకైనా రావచ్చు. ఆ పక్కన ఎయిర్‌బ్యాగ్ అని చిన్న ట్యాగు ఉందేమో చూడండి. ఉంటే ఆ భాగానికి రంగు వేసుకోవచ్చు గానీ కుట్టూ జిగురూ వద్దు, ఎయిర్‌బ్యాగ్ దారి మూసేసే సీటు కవరూ వద్దు. కుట్టు విడిపోయుంటే ఎయిర్‌బ్యాగ్ సీట్ల పని తెలిసిన అప్‌హోల్‌స్టరీ షాపుకి ఇవ్వండి. సీటు మీరే విప్పి తీసుకెళ్దామని అడుగున ఉన్న పసుపు రంగు కనెక్టర్లు పీకకండి, అవి ఎయిర్‌బ్యాగ్‌వే.