కరెంటు తీగల శత్రువు

ఆదివారం తెల్లవారకముందే చార్మినార్ దగ్గర కనిపించేది రోడ్డు ఊడ్చేవాళ్లు, పాలవాళ్లు, పావురాలకు గింజలు చల్లేవాళ్లు, వీళ్లందరినీ ఫొటో తీయడానికి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మొదటి ముగ్గురికీ అక్కడ పని ఉంది, నాలుగో ఆయనకు హాబీ ఉంది. ఈయన్ని గుర్తుపట్టడం తేలిక. ఒళ్లంతా జేబులున్న ప్యాంటు, మెడలో కెమెరా కంపెనీ పేరు కొట్టొచ్చినట్టు కనిపించే పట్టీ, వీపున సంచిలో ఎప్పుడూ బయటికి రాని రెండు లెన్సులు. వారమంతా ఎనిమిది దాటితే గాని దుప్పటి తీయని మనిషి, ఆ ఒక్కరోజూ సూర్యుడి కన్నా ముందు లేచి "లైట్ పోతుంది, లైట్ పోతుంది" అని తోటివాళ్లను తరుముతుంటాడు. చేతిలో ఇరానీ చాయ్ చల్లారినా ఆయనకు ఫర్వాలేదు, ఎందుకంటే దాన్ని కొన్నది తాగడానికి కాదు, ఆవిరిని ఫొటో తీయడానికి. ఇలాంటివాళ్లను చూసి లోకం సాధారణంగా కెమెరా ధర విని నవ్వుతుంది. అది అన్యాయం. డబ్బు ఆయనది, నిద్ర ఆయనది. నవ్వవలసిన విషయం ఇంకోచోట ఉంది. పొద్దున ఊరి మీద ప్రేమతో వీధి వీధీ తిరిగిన ఈ మనిషి, రాత్రి కంప్యూటర్ ముందు కూర్చుని ఆ ఊరినే చెరిపేస్తాడు. అలా చెరిపేసినదే, ఉండి ఉంటే, ఆ ఫొటోకు రేపు విలువ తెచ్చేది.

ముందు వేట సంగతి చూద్దాం. పాతబస్తీలో లక్షల మంది ఉంటారు గాని ఈయన కంటికి ఆనేవి నాలుగే: తెల్లగడ్డం తాత, గాజుల దుకాణం ముందు మెరుపులు, మక్కా మసీదు ముంగిట ఎగిరే పావురాలు, తోపుడుబండి నీడ. సెల్‌ఫోన్లో రీల్స్ చూస్తున్న కుర్రాడు ఫ్రేములోకి వస్తే కెమెరా దించేస్తాడు. ఆ కుర్రాడూ పాతబస్తీవాడే, కాని "క్యారెక్టర్ లేదు". తెల్లగడ్డం తాత మాత్రం ఈ ఆదివారాలకు అలవాటుపడిపోయి, కెమెరా కనిపించగానే మొహం వెలుతురు వైపు తనే తిప్పుతాడు. ఫిల్ము రోజుల్లో ఒక రోలుకు ముప్పై ఆరు ఫొటోలే కాబట్టి మీట నొక్కేముందు మనిషి ఆలోచించేవాడు. ఇప్పుడు ఒక్కో రా (RAW) ఫైలు పాతిక ముప్పై ఎంబీలున్నా కార్డు నిండదు, అందుకని ఒకే పావురం రెక్క విప్పడం మొదలుకొని ముడవడం దాకా అరవై ఫొటోలై కూర్చుంటుంది. వాటిలో ఏది బాగుందో తేల్చడానికి ఆదివారం సాయంత్రం సరిపోదు. ఇంట్లో పెరుగు అయిపోయిందన్న కబురు కూడా ఆ అరవైలో ఎక్కడో కలిసిపోతుంది.

రాత్రి అసలు పని మొదలవుతుంది. ఫొటోలు దిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్ తెరిచి ముందు నీడలు పైకి లాగుతాడు, వెలుగులు కిందికి దించుతాడు. అక్కడిదాకా ధర్మమే. తర్వాత క్లారిటీ మీట పట్టుకుంటాడు, తాత మొహం ఎండిన చెరువు అడుగులా పగుళ్లు తీస్తుంది. అరవై ఏళ్లు దాటినవాళ్లెవరైనా ఈయన దగ్గర నలుపు తెలుపుల్లోకి మారిపోవలసిందే, రంగు చొక్కా తొడుక్కునే హక్కు వాళ్లకు లేదు. ఆకాశం మబ్బుగా ఉంటే ఇంకో ఆకాశం తెచ్చి అతికిస్తాడు. అందువల్ల చార్మినార్ మీదా, గోల్కొండ మీదా, వరంగల్ కోట మీదా ఒకటే సాయంత్రం, ఒకటే పక్షుల గుంపు. చివరిగా ఆయన జీవితాశయం మిగులుతుంది: కరెంటు తీగలు. ఒక్కో తీగనూ ఒక్కో స్తంభం దాకా వెంబడించి తుడిచేస్తాడు. తీగల తర్వాత పార్కు చేసిన స్కూటర్లు, ఆ తర్వాత పుట్టినరోజు శుభాకాంక్షలు చెబుతున్న స్థానిక నాయకుడి ఫ్లెక్సీ, చివరికి చెత్తకుండీ. రాత్రి రెండింటికి హైదరాబాదులో హైదరాబాదు తప్ప అన్నీ మిగులుతాయి.

దీనికి ఆయన దగ్గర గట్టి సమాధానమే ఉంది: "మహామహులు దిద్దలేదా?" దిద్దారు, నిస్సందేహంగా. అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్ 1941లో హెర్నాండెజ్ అనే చిన్న ఊరి మీద చంద్రోదయం తీసి, ఆ నెగటివ్‌ను దశాబ్దాల పాటు డార్క్‌రూములో మళ్లీ మళ్లీ ప్రింటు వేస్తూ ఆకాశాన్ని అంతకంతకూ నల్లబరిచాడు. కాని ఊరి ముందున్న సమాధుల శిలువలను చెరిపేయలేదు. ఆయన సవరించింది వెలుతురును, ఊరిని కాదు. ఇంకా మంచి సాక్ష్యం ఫ్రాన్సుకు చెందిన ఆన్రీ కార్టియే బ్రెసాఁది. పారిస్‌లోని సాఁ లజార్ స్టేషను వెనక 1932లో నీటిగుంట మీదుగా దూకుతున్న మనిషిని తీసిన ఫొటో అది. ఫొటో కత్తిరించడమంటే ఆయనకు గిట్టదు, అయినా దీని అంచు మాత్రం కత్తిరించక తప్పలేదు. అంటే దిద్దుబాటు దోషం కాదని ఒప్పుకుందాం. ఇక ఆ ఫొటోలో ఏముందో చూడండి. నీళ్లలో విరిగిన ఇనుప వలయాలు, పడి ఉన్న నిచ్చెన, వెనక గోడ మీద ప్రకటన పోస్టరు. ఆ పోస్టరులో ఒక బొమ్మ, దూకుతున్న మనిషిలాగే కాళ్లు చాచి గాలిలో ఉంది. ఆ జంట వల్లే ఫొటోకు ప్రాణం వచ్చింది. మన ఆదివారం మిత్రుడికి ఆ ఫైలు ఇచ్చి చూడండి. మొట్టమొదట తుడిచేది ఆ పోస్టరునే.

"నేను చరిత్రకారుణ్ణా, మున్సిపాలిటీ రికార్డు రాసేవాణ్ణా? అందం కోసం తీస్తాను" అన్నది రెండో వాదన. ఇందులో నిజం లేకపోలేదు. హాబీకి లెక్క చెప్పమని అడిగే అధికారం ఎవరికీ లేదు. అయితే తీగల్లేని, మనుషుల్లేని, కుంకుమ రంగు ఆకాశం కింది చార్మినార్ ఏ క్యాలెండరులోనైనా దొరుకుతుంది, దానికి నాలుగింటికి అలారం పెట్టుకోనక్కర్లేదు. ఆయన మాత్రమే చూసినది, ఆ ఉదయం మాత్రమే ఉన్నది ఏదో దాన్ని తీసేసి, అందరి దగ్గరా ఉన్నదాన్ని మిగుల్చుకోవడం అందం లెక్కలో కూడా నష్టమే. పైగా ఏది చెత్త, ఏది శోభ అన్న తీర్పు కాలంతో మారుతుంది. 1591లో కట్టిన చార్మినార్‌కు గడియారాలు పెట్టింది 1889లో. అప్పుడే ఈయన ఉండి ఉంటే, మూడొందల ఏళ్ల కట్టడం మీద ఈ కొత్త డబ్బాలేమిటని విసుక్కుని నాలుగు గడియారాలనూ తుడిచేసి ఉండేవాడు. ఇవాళ ఆ గడియారం స్పష్టంగా కనిపించేలా ఫోకస్ సరిచూసుకునేదీ ఈయనే.

"మరి తీగలు నిజంగానే వికారంగా ఉన్నాయి కదా?" ఉన్నాయి. వికారాన్ని ఫ్రేములో ఇమడ్చడమే విద్య. రఘుబీర్ సింగ్ దేశమంతా తిరిగి, అంబాసిడర్ కారు తలుపులనూ కిటికీలనూ అద్దాలనూ ఫ్రేముకు అడ్డంగా పెట్టి మరీ రంగుల్లో ఫొటోలు తీశాడు. అవి ఆయన పోయాక 2002లో పుస్తకంగా వచ్చాయి. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఒకప్పుడు చూపుకు అడ్డమనిపించినదే ఇప్పుడు ఆ ఫొటోల్లో ఒక కాలానికి గుర్తు. ఆరో నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ సంగతీ అంతే. గాజుపలకల మీద ఆయన పట్టిన ప్యాలెస్‌ల వైభవం గొప్పదే. కాని ఇప్పటి పాఠకుడు ఆ కాలపు ఫొటో చేతికొస్తే భూతద్దం పెట్టి వెదికేది కట్టడాన్ని కాదు, అది ఇప్పటికీ అక్కడే ఉంది. ముందున్న బండి ఎలాంటిది, దుకాణం బోర్డు ఏ లిపిలో ఉంది, దారిన పోయేవాడి తలపాగా ఎలా చుట్టాడు అని చూస్తాడు.

కాబట్టి ఈయన్ని ఎగతాళి చేసి పంపేయడం తప్పు. కార్లో అద్దాలెత్తుకుని తిరిగే ఊళ్లో, కాలినడకన వీధుల్లోకి వెళ్లి నిలబడి చూసేవాళ్లు అరుదు, ఆ ఓపిక ఈయనకు ఉంది. ఆ ఓపికను రాత్రి రెండింటి దాకా తీగల మీద ఖర్చు చేయడమే బాధ. అయ్యా, ఆదివారం మిత్రమా, వెలుతురు ఎంతైనా దిద్దుకోండి, ఆకాశాన్ని నల్లగా చేసుకోండి. తీగలు, స్కూటర్లు, ఫ్లెక్సీలో నాయకుడు మాత్రం ఉన్నచోటే ఉండనివ్వండి. ఫైలుకు వీధి పేరు, తేదీ రాసి పెట్టండి. అన్నట్టు, వచ్చే ఆదివారం ఒక ఫొటో ఇంట్లో వాళ్లది కూడా తీయండి, వంటింటి ట్యూబులైటు వెలుతురైనా సరే.