ముట్టుకుంటే జరపాలి, ఎదుటివాడైతే

2022 సెప్టెంబరులో ఛత్తీస్‌గఢ్ ముఖ్యమంత్రి ట్రోఫీ కోసం గ్రాండ్‌మాస్టర్లు రాయ్‌పూర్‌లో చదరంగం ఆడారు. అక్కడ నడిచినవి అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే నియమాలు. నలుగురు స్నేహితులు టీ గ్లాసుల మధ్య నడుపుకునే క్లబ్బు రాజ్యాంగం వేరు. పావును ముట్టుకుంటే దాన్నే జరపాలన్నది ఫిడే శాసనం. క్లబ్బులో అది ఎదుటివాడికే వర్తిస్తుంది, తనదాకా వస్తే ‘ఊరికే సర్దాను’. ముందుగా చెప్పి సర్దాలనీ ఆ శాసనంలోనే ఉంది, కానీ అంతదాకా చదివిన ఓపిక గలవాడు క్లబ్బులో ఎప్పుడూ ఓడుతూనే ఉంటాడు. చూసేవాళ్లు నోరు విప్పకూడదన్న నియమం మాటే ఎత్తకూడదు: బంటు కదిలీ కదలకముందే వెనకనుంచి మూడు సలహాలు, అందులో రెండు సొంత రాజుకే ఎసరు పెట్టేవి. గెలిస్తే రేటింగు పెరగదు, ట్రోఫీ రాదు. ఓడినవాడు టీ డబ్బులిచ్చి, నిద్ర చాలలేదని, గుర్రం అడ్డం తిరిగిందని చెప్పి, మళ్లీ పావులు పేరుస్తాడు. ఈసారి తెల్లవి తనకే.