ముందొచ్చిన చెవులు

బీఎస్‌ఎన్‌ఎల్ సిమ్ నమ్ముకున్నవాడి ఓపికకు దండం పెట్టాలి. 2009లో ప్రైవేటు కంపెనీలకన్నా ముందే 3జీ తెచ్చిన సంస్థ అది. తెచ్చి, ఆయాసం తీర్చుకోవడానికి కూర్చుంది.

2012లో ఎయిర్‌టెల్ కోల్‌కతాలో 4జీ మొదలెట్టింది. 2016లో జియో దాన్ని ఊరూవాడా పంచిపెట్టింది. ప్రభుత్వ సంస్థకు 4జీ స్పెక్ట్రమ్ ఇస్తామని కేంద్రం చెప్పింది 2019లో! మరుసటి ఏడాది టెండరు రద్దు. పరికరాలు స్వదేశీవే కావాలన్నారు. మంచిదే. 2022లో రూ.1.64 లక్షల కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. ఆ అక్టోబరులోనే పక్కవాళ్లు 5జీకి వెళ్లిపోయారు.

2024 జులైలో ప్రైవేటు కంపెనీలు చార్జీలు పెంచగానే జనం బీఎస్‌ఎన్‌ఎల్‌కు పరుగెత్తారు. జేబు బరువు మిగిలింది. వీడియో మాత్రం చాలాచోట్ల గుండ్రంగా తిరుగుతూనే ఉంది.

ఎట్టకేలకు 2025 సెప్టెంబరు 27న ఒడిశాలోని ఝార్సుగూడలో ప్రధాని స్వదేశీ 4జీని ప్రారంభించారు. 97,500కు పైగా టవర్లు! సాఫ్ట్‌వేర్ మారిస్తే ఇవే 5జీకీ పనికొస్తాయట. ఎప్పుడు మారుస్తారని అడగడం మర్యాద కాదు.

పాత సిమ్ ఉన్నవాళ్లు మాత్రం కస్టమర్ కేంద్రానికి వెళ్లి 4జీ సిమ్ తెచ్చుకోవాలి. ఆధార్‌తోపాటు కాస్త తీరిక కూడా వెంట తీసుకెళ్లాలి.