పంది రూపాయికి డెబ్బైకెన్ని?

మా తాతగారి స్థిరాస్తి కోర్టులో ఉంది. చరాస్తి మా పూజగదిలో ఉంది. ఆ చరాస్తినంతా తూకం వేస్తే సరిగ్గా ఒక తులం: 1911 నాటి ఐదో జార్జి వెండి రూపాయి. మూడు తరాలుగా లక్ష్మీదేవి పటం ముందు రాగి పళ్లెంలో కుంకుమ బొట్టు పెట్టించుకుంటూ కాలక్షేపం చేస్తోంది.

దాన్ని నాణేలు పోగుచేసేవాళ్లు 'పంది రూపాయి' అంటారని నాకు తెలిసింది పోయినేడే. రాజుగారి అంగీ మీది గొలుసులో ఒక ఏనుగుంటుంది. అచ్చు చెక్కినాయన తొండం విషయంలో కాస్త పిసినారితనం చూపించాడు. అది జనం కంటికి పందిలా ఆనింది. హిందువులూ ముస్లిములూ ఏకమై ఛీ కొట్టారు. దాదాపు కోటి దాకా ముద్రించిన రూపాయిల్లో ఓ ఏడు లక్షలు బయటికి పోగా మిగతావన్నీ కరిగించేసి, 1912లో ఏనుగుకు తొండం సాగదీసి మళ్లీ కొట్టారు.

"అయితే ఇన్నాళ్లూ అమ్మవారి ముందు పందికి హారతిచ్చామా!" అని మా ఆవిడ చెంపలేసుకుంది.

"వరాహావతారం అనుకో. అసలు వరహాకి ఆ పేరొచ్చిందే ఆ స్వామి వల్ల" అన్నాను. ఆవిడ సగం శాంతించింది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బయటికి పోయింది ఏడు లక్షలే, అందులో ఒకటి మా ఇంట్లోనే!

మర్నాడే ఒక నాణేల ప్రదర్శనకు వెళ్లి, అక్కడున్న వర్తకుడితో సంగతి చెప్పాను. "స్లాబ్ చేయించారా సార్?" అన్నాడు. స్లాబ్ అంటే మనకు తెలిసింది మేస్త్రీ, సెంట్రింగు, పోసిన రోజు కూలీలకు పెట్టే భోజనాలు. ఈ స్లాబ్ వేరు. నాణేన్ని ఒక కంపెనీకి పంపితే, వాళ్లు అసలుదో నకిలీదో తేల్చి, ఒంటి మీది గీతలు లెక్కపెట్టి, డెబ్బైకి ఇన్ని అని మార్కులేసి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అతికేస్తారు. వందకు కాదు, డెబ్బైకి. ఇంత విచిత్రమైన పరీక్ష ఏ బోర్డూ పెట్టి ఉండదు.

ఆ డెబ్బై వెనక కథ వింటే మార్కుల మీదున్న భక్తి కొంచెం సడలుతుంది. విలియం షెల్డన్ అని అమెరికాలో ఒక మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవాడు. మనుషుల్ని లావు, సన్నం, కండ అని మూడు రకాలుగా విడగొట్టి, ఒంటిని బట్టి బుద్ధి చెప్పేయొచ్చన్న మహానుభావుడు. ఆయనకు పాతకాలపు అమెరికా పెద్ద సెంట్లంటే పిచ్చి. పూర్తిగా అరిగిపోయిన సెంటు ఒక డాలరు చేస్తే, అచ్చు నుంచి అప్పుడే ఊడిపడినట్టున్నది డెబ్బై డాలర్లు చేస్తుందని ఆనాటి అంగడి లెక్క చూసి, 1949లో పుస్తకం రాస్తూ ఒకటి నుంచి డెబ్బై దాకా కొలమానం పెట్టాడు. అంగడి ధరలు ఎప్పుడో మారిపోయాయి, డెబ్బై మాత్రం ఉండిపోయింది. ఆయన కాలం చేశాక అసలు సంగతి బయటపడింది. న్యూయార్కులోని అమెరికన్ న్యూమిస్‌మాటిక్ సొసైటీ ఖజానాలో మంచి సెంట్లు వందకు పైగా ఈయన కాజేసి, వాటి స్థానంలో నాసివి పెట్టి వచ్చాడట! నాణేల లోకమంతా ఈ రోజుకీ నమ్ముతున్న తక్కెడ ఆ చేతుల్లోంచి వచ్చిందే.

తక్కెడ సంగతి అలా ఉంటే, భాష ఇంకో తమాషా. ఈ లెక్కలో 'గుడ్' అంటే డెబ్బైకి నాలుగు. 'ఫైన్' అంటే పన్నెండు. 'వెరీ ఫైన్' అంటే ఇరవై. పెళ్లిళ్ల పేరయ్య "అబ్బాయి బంగారం" అంటే ఉద్యోగం లేదనీ, "బాగా నెమ్మదస్తుడు" అంటే మధ్యాహ్నం దాకా లేవడనీ మనం అర్థం చేసుకుంటాం కదా, అలాగే ఇక్కడ 'గుడ్' అంటే రాజుగారి మొహం పూర్తిగా చెరిగిపోలేదని. అరవై వస్తేనే వాడకంలోకి పోని కన్యనాణెం, వాళ్ల భాషలో 'మింట్ స్టేట్', పొట్టిగా ఎంఎస్. డెబ్బై వస్తే భూతద్దంలోనూ మచ్చ కనిపించకూడదు. దీనికి తలకిందులుగా, ఒకే ఒక్క మార్కు వచ్చిన నాణేల కోసం పోటీలు పడి సేకరించేవాళ్లూ ఉన్నారు. మా వీధి బడిలో నా సహాధ్యాయులు కొందరు తొందరపడి పుట్టారనిపిస్తుంది.

ఇక ఎవరి మార్కుల్ని నమ్మాలి? అమెరికాలో పెద్ద పేర్లు రెండు: 1985లో పుట్టిన పీసీజీఎస్, 1987లో పుట్టిన ఎన్‌జీసీ. ఏదైనా నాణెం నకిలీదని తేలినా, ఎక్కువ మార్కులు పడ్డాయని రుజువైనా జేబులోంచి నష్టం కట్టిస్తామని హామీ ఇస్తాయి. నాకు నచ్చిన మాట ఇదే. జాతకం తప్పితే దక్షిణ వెనక్కిచ్చే జ్యోతిష్కుణ్ణి మనం చూశామా? పైగా ఎన్‌జీసీలో మార్కులేసే వాళ్లు నాణేల వ్యాపారం చేయకూడదని నియమం. పేపరు దిద్దే మాస్టారు ట్యూషన్ చెప్పకూడదన్నట్టు.

అలాగని అందరి కళ్లూ ఒకటి కావు. కాయిన్ వరల్డ్ అనే పత్రిక అవే నాణేల్ని తిప్పితిప్పి వేర్వేరు కంపెనీలకు పంపి, 2003లో ఫలితాలు అచ్చేసింది. ఒక్క నాణెం విషయంలోనూ అన్ని కంపెనీలూ ఒక్కమాట మీద లేవు. కొన్నిచోట్ల ఏడు మార్కుల తేడా. దాంతో మనవాళ్లకు చిరపరిచితమైన విద్య ఒకటి అక్కడ వర్ధిల్లింది: రీవాల్యుయేషన్. డబ్బా పగలగొట్టి, నాణేన్ని మళ్లీ పంపి, ఒక్క మార్కు పెరిగితే పండగ చేసుకోవడం. ఒక్క మార్కుకు ధర రెట్టింపయ్యే నాణేలున్నాయి మరి.

ఇది ముదిరి, మార్కులేసినవాళ్లకు మార్కులేసేవాళ్లు పుట్టుకొచ్చారు. 2007లో మొదలైన సీఏసీ, డబ్బాలోని నాణెం ఆ మార్కుకు నిజంగా తగిందే అనిపిస్తే డబ్బా మీద ఆకుపచ్చ స్టిక్కరు అంటిస్తుంది. స్టిక్కరున్నదానికి ధర ఎక్కువ. ఈ స్టిక్కరాయన ఎవరంటే, జాన్ ఆల్బనీస్. ఎన్‌జీసీని పెట్టినవాడే! ఆ స్టిక్కరు కంపెనీ కూడా 2023 నుంచి సొంత డబ్బాలు చేస్తోంది. వాటి మీద స్టిక్కరు ఎవరు వేస్తారో చూడాలని ఉంది.

ఇదంతా విని అమెరికాలో ఉన్న మా బావమరిది ఉత్సాహపడ్డాడు. "సూట్‌కేసులో పడేసుకురండి బావగారూ, ఇక్కడే గ్రేడింగ్ చేయిద్దాం." కుదరదు నాయనా అన్నాను. నూరేళ్లు నిండిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. దేశం దాటించడం నేరం. మా పంది 2011లోనే నూరు దాటేసింది. నాకు వీసా రాక, దానికి వయసు మీరి, ఇద్దరం ఇక్కడే ఉండిపోయాం.

కాబట్టి స్వదేశంలోనే ఒక కంపెనీకి పంపాను. పేరెందుకులెండి. పది రోజుల్లో డబ్బా వచ్చింది. ఎంఎస్ 63! డెబ్బైకి అరవై మూడంటే తొంభై శాతం, డిస్టింక్షన్. మా నాన్న జీవితంలో నన్ను చూసి అంత సంతోషించలేదు, నేను ఆ రూపాయిని చూసి సంతోషించినంత. ఆ కంపెనీ పరువు ప్రతిష్ఠల గురించి అపార్టుమెంటులో ఐదు అంతస్తులూ తిరిగి చెప్పాను. ఎంత నిష్పక్షపాతం! ఎంత సూక్ష్మదృష్టి!

అక్కడితో ఆగితే కథ లేదు. 63 వచ్చినదానికి 64 రాదా అనిపించింది. రాత్రి అందరూ పడుకున్నాక బాల్కనీలో డబ్బాను పాత దుప్పట్లో చుట్టి, పచ్చడిబండతో రెండు దెబ్బలేశాను. మర్నాడు రూపాయిని ఇంకో కంపెనీకి పంపాను. వీళ్లు రెండు నెలలు తీసుకున్నారు. డబ్బా వచ్చింది. అందులో అంకే లేదు. 'ఏయూ డీటెయిల్స్, క్లీన్డ్' అని ఉంది. తెలుగులో చెప్పాలంటే: మీ వాడు వాడకంలో కాస్త అరిగాడు, దానికి తోడు ఎవరో తోమారు, అందుకని మార్కులు వేయడం లేదు, నమస్కారం.

ఇంట్లో విచారణ జరిగింది. "ఏమిటండీ అలా చూస్తారు? ప్రతి శ్రావణ శుక్రవారం విభూది పెట్టి తోముతూనే ఉన్నాగా! అత్తయ్యగారే నేర్పారు. ఆవిడకు వాళ్ల అత్తగారు నేర్పారట." మూడు తరాల కోడళ్లు భక్తిగా రాజుగారి బుగ్గలు రుద్దిన ఫలితం అది. భూతద్దంలో చూస్తే రాజుగారి బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీ జాగాలో వెంట్రుకంత సన్నటి గీతలు, కళ్లాపి చల్లిన వాకిట్లో చీపురు జాడల్లా, ఒకే దిక్కుకు. మొదటి కంపెనీ వాళ్లు ఆ వాకిలి చూడకుండానే ఇంట్లోకి వచ్చేశారన్నమాట.

అయినా నా మనసు చూడండి. రెండో కంపెనీ వాళ్లకు బుద్ధి లేదని, అసూయ అని, వెలుతురు సరిగా లేని గదిలో చూసి ఉంటారని వాదించాను. మొదటి డబ్బాలోని లేబుల్ ఇప్పటికీ నా పర్సులో, ఆధార్ కార్డు పక్కనే ఉంది.

రెండూ పట్టుకుని మళ్లీ ఆ వర్తకుడి దగ్గరికే వెళ్లాను. ఆయన లేబుల్ వంక చూడనేలేదు. కొత్త డబ్బాను దీపం కింద అటూ ఇటూ వంచాడు, కంటికి భూతద్దం పెట్టాడు, "విభూదా, టూత్‌పౌడరా?" అన్నాడు. నేను గర్వంగా పర్సులోంచి 63 తీసి చూపించాను. ఆయన నవ్వాపుకోలేదు. "ఆ కంపెనీలో ఇంతకన్నా తక్కువ వచ్చినవాణ్ణి నేనింకా చూడలేదు సార్. అక్కడ ఫెయిలవడమే కష్టం." ఇస్తానన్న ధర మాత్రం తోమిన పందికి తగ్గట్టే ఉంది. అమ్మలేదు.

రూపాయి డబ్బాతో సహా పూజగదికి తిరిగొచ్చింది. పోయిన శ్రావణ శుక్రవారం నేను బజారు నుంచి వచ్చేసరికి మా ఆవిడ డబ్బాకు కుంకుమ బొట్టు పెట్టేసింది. ప్లాస్టిక్ మసకగా, గీతలు గీతలుగా ఉంది. లోపల రాజుగారు పొగమంచులో నిలబడ్డట్టున్నారు.

"పండగ కదండీ, అది కూడా కాస్త తోమాను" అంది.

డబ్బా మార్చి కొత్తది వేయడానికి ఎంత తీసుకుంటారో, రెండో కంపెనీ వాళ్ల ధరల పట్టికలో వెతుకుతున్నాను.