శబ్దకార పద్యానికి టీకా తాత్పర్యం

పేరు చూసి కొనకు ప్రియమైన పనిముట్టు
తీరు తెలియ వినుము తెనుగు నోట
చెవికి నచ్చకున్న చెల్లింపు లేలరా
శబ్దకార! నీదె సంచి సుమ్ము

టీక: శబ్దకార = ఓ పాడ్‌కాస్టు కర్తా, ఆడియో కథల నిర్మాతా; పేరు చూసి = ప్రకటనను మాత్రమే నమ్మి; ప్రియమైన = నెలనెలా చందా గుంజే; పనిముట్టు = ఏఐ ఆడియో యాప్‌ను; కొనకు = కొనవద్దు; తెనుగు నోట = సొంత తెలుగు రికార్డింగుతో; తీరు తెలియ = లోపాలు బయటపడేలా; వినుము = హెడ్‌ఫోన్సు పెట్టుకుని విను; సంచి = బ్యాంకు ఖాతా. ‘సుమ్ము’ వట్టి పాదపూరణమని కొందరు. ఆటోపే పెట్టి మరచిపోయినవాడికి హెచ్చరిక అని మా మతం.

తాత్పర్యం: పనిముట్టును దాని డెమో విని ఎంచుకోకూడదు. మన దగ్గరున్న రికార్డింగుల్లో అతి కష్టమైన నిమిషాన్ని దాని చేతికిచ్చి చూడాలి. డెమోలో వినిపించేది సాధారణంగా శుభ్రమైన ఇంగ్లిషు. మన పని వేరు. ఓపెన్‌ఏఐ 2022లో విడుదల చేసిన విస్పర్‌నే తీసుకోండి. మాటను రాతగా మార్చే ఆ యంత్రానికి 6,80,000 గంటల ఆడియోతో శిక్షణ ఇచ్చారు. అందులో ఇంగ్లిషు కాని మాటను అదే భాషలో రాయడం నేర్పిన ఆడియో 96 భాషలకూ కలిపి 1,17,000 గంటలే. ఆ పంక్తిలో తెలుగు విస్తరి ఏ చివర ఉందో వేరే చెప్పాలా? అసలు చిక్కు ఎడిటింగులో ఉంది. డిస్క్రిప్ట్ వంటి ఎడిటింగు యాప్‌లలో రాతలో ఒక మాట కొట్టేస్తే ఆడియోలోనూ అది ఎగిరిపోతుంది. ఇంగ్లిషు ఊతపదాలకు ఈ పద్ధతి బాగా నప్పుతుంది. మనవాడు ‘వచ్చాడన్నమాట’ అంటాడు. అందులో ‘అన్నమాట’ను కోస్తే మిగిలేది ‘వచ్చాడ్’. సంధిలో లోపించిన ఉకారం అసలు రికార్డే కాలేదు, ఏ యంత్రం వెతికినా దొరకదు. ఇక మాటను మాత్రమే శుభ్రం చేయడం నేర్చిన యంత్రానికి హరికథ రికార్డింగు ఇస్తే, తంబుర శ్రుతి కూడా ఫ్యాను మోత లెక్కలో పడి కొట్టుకుపోవచ్చు. యంత్రగొంతుతో చదివించేవారు ళకార ణకారాలనూ, ఒత్తులనూ, ‘రూ.’, ‘కి.మీ.’ వంటి పొడి అక్షరాలనూ కలిపి ఒక పేరా ఇచ్చి వినాలి. పని తేలిపోతుంది.

పూర్వపక్షం: యంత్రాలు నెలనెలా మెరుగవుతుంటే నేటి పరీక్ష రేపటికి పనికొస్తుందా? పనికిరాదు, ఒప్పుకుంటాం. కనుకనే ఏడాది చందా ఒకేసారి కట్టవద్దు. ఆ నిమిషాన్ని దాచుకుని, కొత్త వెర్షను వచ్చినప్పుడల్లా మళ్లీ వినిపించండి. వినేవారికి ఇంత పట్టింపు ఉండదని మరో వాదం. మార్కెట్ యార్డు ధరల బులెటిన్‌కు అది చెల్లుతుంది. కథకు చెల్లదు, కథలో విరుపు తప్పితే వెటకారం పొగడ్తయి కూర్చుంటుంది. ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ భారతీయ భాషల కోసమే నమూనాలు తయారుచేసి ఉచితంగా ఇస్తోంది కదా, వాటిని కళ్లు మూసుకుని తీసుకోవచ్చా అంటే, తీసుకోవచ్చు గానీ చెవులు మూసుకుని కాదు. వాటికీ అదే నిమిషం, అదే పరీక్ష. పైగా వాటిని కంప్యూటర్లో నిలబెట్టడానికి కాస్త సాంకేతిక జ్ఞానం కావాలి.

ఒకరి గొంతుకు నకలు తీసే పనిముట్టయితే మాత్రం ముందు ఆ మనిషి రాతపూర్వక అనుమతి, తర్వాతే మిగతా మీమాంస. మీ అవసరం కత్తిరించి అతకడం, కాస్త మోత తగ్గించడమే అయితే 2000 నుంచి ఉచితంగా దొరుకుతున్న ఆడాసిటీ చాలు, ఏమీ కొనకండి.